ట్రంపెట్‌కు చింతపండు పెట్టకండి

అమరచింత,
కార్తీక మాసం.

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఈ నెలలో మా దిక్కు దారులన్నీ కురుమూర్తి గుట్ట మీది జాతరకే పోతాయి. స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం దగ్గర పడిందంటే బ్యాండు వాళ్ళకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. సరిగ్గా అట్లాంటి రోజుల్లో, పొద్దున్నే, బ్యాండు మేళం వాళ్ళింటి పిల్లగాడొకడు బియ్యం సంచిలో ఏదో పట్టుకుని మా గడప ముందు నిలబడ్డాడు. డిగ్రీ చదువుతున్నాడు. సంచిలోంచి పాత ధోవతి ముక్క, ధోవతి ముక్కలోంచి ట్రంపెట్ తీశాడు.

"మా తాత ఊదిండు సార్. అటక మీద ఉండె. లండన్‌దంట. సంస్థానం రాజులిచ్చిన్రంట. పాత సామాన్లాయన తూకానికి ఇస్తవా అని అడిగిండు, మా అమ్మ ఇయ్యనన్నది. దీనికి ఎంతొస్తదో మీరు చెప్పాలె."

ఆ ట్రంపెట్ ధగధగా మెరుస్తోంది. నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకు మెరుస్తోందని అడిగాను. "సార్ దగ్గరికి తీస్కపోతున్నవు, గట్లనే ఎట్ల తీస్కపోతవని అమ్మ నిన్న రాత్రి చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది" అన్నాడు. ఆ తల్లిని నేనేమీ అనలేను. ఇంటికొచ్చే చుట్టానికి చెంబు తోమి నీళ్ళిచ్చినంత మర్యాదగా తోమి పంపింది. కానీ ఆ ఒక్క రాత్రిలో, అంతకుముందు ఏడాదికోసారి పండక్కి తోమిన రాత్రుల్లో, ఆ వాద్యం ఎవరిదో చెప్పే అక్షరాలు కొంచెం కొంచెంగా చింతపండు నీళ్ళలో కలిసిపోయాయి. ఈసారి ఉత్తరం దాని గురించే రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇట్లాంటి బాకా ఒకటి ఉండే ఉంటుంది, లేకపోతే ఉన్న ఇల్లు మీకు తెలిసే ఉంటుంది.

చింతపండులో ఉండే ఆమ్లం ఇత్తడి మీద పట్టిన నలుపును కరిగిస్తుంది. ఇటుకపొడి గీకుతుంది. బిందెకైతే ఫరవాలేదు, బిందె రేకు మందం. ట్రంపెట్ బూరమూతి రేకు మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. దాని మీద పేరు చెక్కిన గీతల లోతు అందులో ఎన్నో వంతు! పదిసార్లు తోమితే గీత అంచు మొద్దుబారుతుంది, యాభైసార్లు తోమితే పేరే పోతుంది. వెండి పూత ఉంటే అదీ పోతుంది. పాత వాద్యాల వ్యాపారంలో ఉన్నవాళ్ళు మెరుపు చూసి మురిసిపోరు, అనుమానపడతారు.

అయినా అంతా పోలేదు. పిల్లగాడిని లోపలికి పిలిచి, కిటికీ మూసి, టార్చి వెలుగును అడ్డంగా, రేకును రాసుకుంటూ పోయేటట్టు వేశాను. నిటారుగా వేస్తే ఏమీ కనపడదు. అడ్డంగా వేస్తే గీతకు నీడ పడుతుంది. నీడను చదవాలి. తర్వాత పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలు మెల్లగా రుద్దాం, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాళ్ళం కదా, అట్లా. పైన రెండు పతకాల బొమ్మల గుండ్రాలు తేలాయి. వాటి కింద ఒక పొడుగు పేరు, అది మొత్తం మాసిపోయి చివర "అండ్ కో" మాత్రం మిగిలింది. ఇంకా కింద ఊరి పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి అక్షరం ఎం. చివరి అక్షరం టి. నడుమ రెండు 'ఈ'ల నీడ.

లండన్ కాదు, మీరట్.

పిల్లగాడి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఉత్సాహం వచ్చింది. ఎందుకో చెప్తాను.

ఉత్తరప్రదేశ్‌లో మీరట్ అంటే చాలామందికి 1857 గుర్తొస్తుంది. బ్యాండు వాళ్ళకు మాత్రం జలీ కోఠీ బజారు గుర్తొస్తుంది. దేశంలో ఏ ఊరి పెళ్ళిలో మోగే ఇత్తడి వాద్యమైనా అక్కడ పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ. బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నడిపిన నాదిర్ అలీ 1885లో అక్కడ కంపెనీ పెట్టాడు. మొదట్లో విలాయతు నుంచి తెప్పించి అమ్మడం, బాగుచేయడం. ఇరవయ్యో శతాబ్దంలో సొంతంగా తయారీ. ఆ ఊళ్ళో తర్వాత ఇంకా ఎన్నో కార్ఖానాలు లేచాయి. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ వాద్యాల దిగుమతి బిగుసుకుపోయాక మన దేశపు బ్యాండ్లకు మీరటే దిక్కయింది. గ్రెగరీ బూత్ అనే పరిశోధకుడు మన పెళ్ళి బ్యాండ్ల మీదనే 'బ్రాస్ బాజా' అని పుస్తకం రాశాడు, 2005లో వచ్చింది. మన వీధి చివర నిలబడి వాయించే మనుషుల గురించి ఎవరో న్యూజీలాండ్ నుంచి వచ్చి ఊరూరా తిరిగి రాయాల్సి వచ్చిందని నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

మరి లండన్ అన్న మాట ఆ ఇంట్లోకి ఎట్లా వచ్చింది? ఆ పతకాల బొమ్మలే తెచ్చాయనుకుంటాను. పందొమ్మిదో శతాబ్దపు బెస్సన్ వంటి కంపెనీలు ప్రదర్శనల్లో గెలిచిన పతకాలను వాద్యం మూతి మీద చెక్కించేవి. కొనేవాళ్ళ కళ్ళు ఆ గుండ్రాలకు అలవాటు పడ్డాయి. ఆ తర్వాత చేసిన వాళ్ళు నమూనాను దించినప్పుడు గుండ్రాలను కూడా దించారు. చీరల దుకాణంలో పవర్‌లూమ్ చీరకు గద్వాల బోర్డు తగిలించినంత చెడ్డ పని కాదు ఇది, అప్పటి అలవాటు. కానీ చూసేవాడు మోసపోతాడు.

చీర మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా అమరచింతలో మగ్గం ముందు కూర్చున్న ఎవరినైనా అడగండి, గద్వాల చీర అసలుదా కాదా అని. పేరు చదవరు. చీర తిప్పి వెనక చూస్తారు. ఒళ్ళు నూలు, అంచు పట్టు, రెండూ కలిసే చోట కుప్పడం పోగు ఎట్లా పెనవేసుకుందో వేలితో తడుముతారు. ట్రంపెట్‌నూ అట్లాగే తిప్పి చూడాలి. చేత్తో కొట్టిన మంచి బూరమూతి ఒకే రేకుతో చేస్తారు. రేకును మడిచి రెండంచులనూ పళ్ళు పళ్ళుగా కత్తిరించి ఒకదానిలో ఒకటి దూర్చి అతుకుతారు. ఎండలో పెట్టి చూస్తే గొట్టం పొడుగునా ఆ అతుకు సన్నటి గీతలా, కొంచెం వేరే రంగులో కనపడుతుంది. వేలు లోపల పెట్టి తడిమితే కూడా తెలుస్తుంది. మా పిల్లగాడి ట్రంపెట్‌కు ఆ అతుకు ఉంది. ఎవరో ఒక మనిషి దాన్ని గూటం మీద పెట్టి సుత్తితో కొట్టాడు. మీరట్‌లో ఆ మనిషి పేరు ఎవరూ రాసి ఉండరు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మీ ఇంట్లో ఉన్నదాని మీద నిజంగానే విలాయతు పేరు ఉంటే ఏం చూడాలో చెప్పి మళ్ళీ వస్తాను.

పేరు కంటే ముందు కంపెనీ చిరునామా, దేశం పేరు చూడండి. బూసీ, హాక్స్ అనేవి లండన్‌లో రెండు వేరు వేరు కంపెనీలు. 1930లో కలిసి బూసీ అండ్ హాక్స్ అయ్యాయి. కాబట్టి ఆ జంట పేరు ఉన్న వాద్యం 1930కి ముందుది కాదు, ఇంట్లో ఎవరేం చెప్పినా సరే. లండన్ బెస్సన్ కూడా 1948లో వాళ్ళ చేతికే వెళ్ళింది. 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉంటే 1887 తర్వాతది. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు రాయాలని బ్రిటన్ ఆ ఏడాదే చట్టం చేసింది. చెకోస్లొవేకియా అని ఉంటే 1918కి ముందుది అయ్యే వీలే లేదు, ఆ దేశం పుట్టిందే అప్పుడు. నడిమి పిస్టన్ గొట్టం మీద అంకెలుంటాయి, అది వరుస నంబరు. బూసీ అండ్ హాక్స్ వాళ్ళ పాత ఖాతా పుస్తకాలు ఇప్పుడు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. అటువంటి కంపెనీల వాద్యమైతే నంబరును బట్టి ఏడాది దాకా వెళ్ళొచ్చు. మీరట్ వాద్యానికి ఒంటి మీది ఆనవాళ్ళే జాతకం.

పిస్టన్లే లేకపోతే అది బ్యాండు ట్రంపెట్ కాదు, సంకేతాలకు వాడే బాకా, ఎక్కువగా సైనికులది. పిస్టన్లు జర్మనీలో 1818 ప్రాంతంలో పుట్టాయి, ఇవాళ మనం చూసే రూపం పారిస్‌లో పెరినె 1839లో ఇచ్చాడు. అవి లేని బాకాతో పెదవి బిగింపును బట్టి కొన్ని స్వరాలే పలుకుతాయి. ఆ కొన్నీ చాలు, గుర్రపు దండును లేపడానికి, నడపడానికి, ఆపడానికి. వనపర్తి రాజా రామేశ్వరరావు పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా సంతతి సిద్దీలతో అశ్వదళాన్ని నిలిపాడు, అదే తర్వాత నిజాం కొలువులో ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని రోజూ పలుకుతామే, ఆ ఏసీ అదే. మన వనపర్తి దిక్కు ఇంట్లో పిస్టన్లు లేని పాత బాకా దొరికితే నేను దాన్ని రెండుసార్లు చూస్తాను. అంతమాత్రాన అది సిద్దీ సవారుదని అననండీ. బడి పిల్లల స్కౌటు బ్యూగిలు కూడా అట్లాగే ఉంటుంది. రాజముద్రో, దండు నంబరో చెక్కి ఉంటే మాట వేరు.

సరే, మా పిల్లగాడి దగ్గరికి వస్తాను. సంస్థానం మాట ఏమైంది?

అమరచింత సంస్థానం ఆత్మకూరు కేంద్రంగా నడిచింది. చివరి రోజుల్లో రాణి భాగ్యలక్ష్మమ్మ ఏలుబడి. 1949లో జాగీర్ల రద్దుతో ముగిసింది. ఆ లోపల మీరట్ నుంచి ఒక ట్రంపెట్ ఇక్కడికి రావడం అసాధ్యమేమీ కాదు. అయితే వచ్చిందని చెప్పే గుర్తు వాద్యం మీద ఒక్కటీ లేదు. ముద్ర లేదు, పేరు లేదు. ఆ మాట పిల్లగాడికి చెప్పడానికి నాకు కొంచెం మనసొప్పలేదు. తాత చెప్పిన కథ కదా. కానీ ఆధారం లేని కథతో అమ్మితే కొన్నవాడూ మోసపోతాడు, తాతకూ మర్యాద కాదు. "రాజులిచ్చిన్రని మీ ఇంట్ల అనుకుంటరని రాసుకుందాం. ఇచ్చిన్రని రాయొద్దు" అన్నాను. తలూపాడు.

తర్వాత జరిగిందే నన్ను ఈ ఉత్తరం రాయమని కూర్చోబెట్టింది.

శ్రుతి చూద్దామని ముందు గొట్టాన్ని, అదే ట్యూనింగ్ స్లైడును, మెల్లగా బయటికి లాగాను. చుక్క నూనె వేసి కాసేపు ఆగితే వచ్చింది. లోపలి గొట్టం మీద ఒక గీత ఉంది. గీతకు ఇవతల రెండు సెంటీమీటర్లు ఇత్తడి నున్నగా, లేత పసుపు. గీతకు అవతల ముదురు గోధుమ. అమ్మ చింతపండు లోపలికి పోలేదు కాబట్టి ఆ రంగు మిగిలింది. అంటే ఈ వాద్యం ఏళ్ళ తరబడి రెండు సెంటీమీటర్లు బయటికి లాగి ఉంచిన స్లైడుతోనే పలికింది. ఎందుకు?

స్లైడు పూర్తిగా లోపలికి నెట్టి మా పిల్లగాడిని ఊదమన్నాను. వాడికి బాగానే వచ్చు, చిన్నప్పుడు బరాత్‌లలో ఊదాడట. స్వరం దాదాపు పావు స్వరం ఎక్కువ పలికింది. అక్కడ నాకు అర్థమైంది. ఇవాళ్టి శ్రుతిలో మధ్యమ స్థాయి 'ఎ' స్వరానికి సెకనుకు 440 కంపనాలు. అది 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కుదిరిన లెక్క. అంతకుముందు బ్రిటిష్ సైన్యపు బ్యాండ్లు 452 పైచిలుకుకు శ్రుతి చేసుకునేవి, 1920ల చివరిదాకా. ఆ హెచ్చు శ్రుతికి చేసిన ట్రంపెట్ గొట్టం పొట్టిగా ఉంటుంది. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌లో గాలి నడిచే దారి 148 సెంటీమీటర్ల దగ్గర. హెచ్చు శ్రుతిదైతే సుమారు 144. నాలుగు సెంటీమీటర్ల తేడా. స్లైడు రెండు కాళ్ళది, రెండు సెంటీమీటర్లు లాగితే దారి నాలుగు పెరుగుతుంది.

ఆ గీత సరిగ్గా అక్కడుంది.

అంటే ఆ వాద్యం పాత సైనిక బ్యాండు కొలతకు దించిన నమూనా. మేళంలో పక్కన నిలబడ్డ క్లారినెట్ మాత్రం కొత్త శ్రుతిది అయి ఉండాలి. క్లారినెట్‌ను అంతగా పెంచలేరు. అందుకని తాతే దిగి వచ్చాడు, రెండు సెంటీమీటర్లు. పిల్లగాడు ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "మా తాత ఊదే ముందు చూపుడు వేలు అడ్డం పెట్టి కొలిచి లాగేటోడు సార్. నేను ఊరికే చేస్తడనుకున్న" అన్నాడు. నేను వాడి వేలు పక్కన స్కేలు పెట్టి చూడలేదు. ఆ అవసరం లేదనిపించింది.

వయసు మాటేమిటంటే, నమూనా పాతదైనంత మాత్రాన వస్తువు అంత పాతది కానక్కర్లేదు. అచ్చు ఉన్నన్నాళ్ళూ అదే కొలతకు చేస్తూ పోతారు. వాళ్ళింట్లో ఒక పెళ్ళి ఫోటో ఉంది, తర్వాత తెచ్చి చూపించాడు. వధూవరుల వెనక, కుర్చీల వరుసకు అవతల, సగం ముఖంతో తాత. చేతిలో ఈ ట్రంపెట్. దీని మూతి దగ్గర వంపులో కంచరి వేసిన తగరపు అతుకు ఒకటి ఉంది, అది ఫోటోలోనూ కనపడుతుంది. ఫోటో వెనక రాసిన తేదీ సంస్థానం పోయి పదేళ్ళు దాటాక. ఆ రోజుకే ఇది పగిలి అతుకు వేయించుకునేంత పాతబడిందన్నమాట. కాగితం మీద ఇంతకంటే గట్టిగా రాయడానికి నాకు మనసొప్పదు.

ఇక వెల.

ఇటువంటి ట్రంపెట్ బరువు కిలో చుట్టూ ఉంటుంది. పాత సామాన్లాయన చూసేది ఆ కిలోనే. వాయించేవాడు చూసేది పిస్టన్ల బిగువు. పరీక్ష సులువు: పిస్టన్ నొక్కకుండా దాని పక్క స్లైడును లాగితే లోపల గాలి పట్టి ఆగాలి, ఆపైన నొక్కితే టప్పుమని వదలాలి. మా పిల్లగాడి దాంట్లో రెండో పిస్టన్ వదులు. మిగతా రెంటి మీద ఒకటి, మూడు అని అంకెలు కొట్టి ఉన్నాయి, దీని మీద ఏ అంకే లేదు. ఎప్పుడో లేత్ మీద చేయించి వేశారు. మౌత్‌పీస్ పక్కనున్న గొట్టంలో గులాబీ రంగు మచ్చలు ఉన్నాయి, అంటే ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి రాగి మిగులుతోంది. ఉమ్మి తడి ఏళ్ళ తరబడి నిలిస్తే అట్లా లోపలి నుంచి తింటుంది. హెచ్చు శ్రుతి కాబట్టి ఇవాళ్టి మేళంలో పెట్టాలంటే తాతలా స్లైడు లాగి సర్దుకోవాల్సిందే. పేరు మాసింది. మీరట్ కొత్త ట్రంపెటే కొన్ని వేలకు దొరుకుతున్నప్పుడు బజారులో దీనికి అంత కూడా రాదు. ఆ మాట వాడికి దాచకుండా చెప్పాను.

లక్షలు పలికే ట్రంపెట్లు లేవా? ఉన్నాయి. పారిస్ బెస్సన్ పాతవి అట్లాంటివే. విన్సెంట్ బాక్ 1924లో న్యూయార్క్‌లో ట్రంపెట్ల తయారీ మొదలుపెట్టినప్పుడు ఆ ఫ్రెంచి బెస్సన్‌నే ముందు పెట్టుకున్నాడు, ఇవాళ ప్రపంచంలో ఎన్నో ఆర్కెస్ట్రాల ట్రంపెట్లు దాని మనవలూ మునిమనవలే అనొచ్చు. అందుకే ఆ విలువ. అదే పేరుతో లండన్‌లో చేసినదానికి అంత ఉండదు. పేరొకటే చూసి ఆశపడితే ఇక్కడే దెబ్బ తింటాం. ఇంకో మాట: నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను మన 1972 పురావస్తువుల చట్టం కింద సొంతంగా విదేశాలకు పంపకూడదు. ఎవరో ఫోన్‌లో "బయటి దేశపు పార్టీ ఉంది, అడ్వాన్సు పంపండి" అంటే పెట్టేయండి.

కానీ నేను ఆ తల్లికి చెప్పి పంపింది వేరే. బజారు వెల కాగితం మీద ఒక పక్క రాసి, రెండో పక్క ఇది రాశాను: హెచ్చు శ్రుతి కొలతకు మీరట్‌లో చేత్తో కొట్టిన ట్రంపెట్, అమరచింత మేళంలో తగ్గు శ్రుతి క్లారినెట్‌తో కలిసి పలికింది, స్లైడు మీద రెండు సెంటీమీటర్ల గీత, వంపులో కంచరి అతుకు, పెళ్ళి ఫోటోలో కనపడుతుంది, ఊదిన మనిషి పేరు. ఆ ఒక్క గీత వల్ల మన ఊళ్ళల్లో విలాయతు శ్రుతి ఎట్లా దిగివచ్చిందో చెప్పగలిగే సాక్ష్యం దొరికింది. ఏ దర్బారు పుస్తకంలోనూ ఇది లేదు. ఆ గీతను ఏ మెకానిక్కో బఫింగ్ చక్రం మీద పెడితే ఒక నిమిషంలో పోతుంది.

వాళ్ళు అమ్మలేదు. ఈ జాతరలో ఊదనూ లేదు, రెండో పిస్టన్ గాలి వదులుతోంది. ధోవతిలోనే చుట్టి, కాగితం ఒక కవరులో పెట్టి లోపల దోపి పట్టుకుపోయాడు.

ఇప్పుడు మీతో పని ఉంది. మీ ఇళ్ళల్లో పాత పెళ్ళి ఫోటోలు తీయండి. అల్లుళ్ళనూ వియ్యపురాళ్ళనూ వదిలిపెట్టి అంచుల్లోకి చూడండి, పందిరి గుంజ పక్కన, సగం కోసుకుపోయిన చోట. బ్యాండు వాళ్ళు అక్కడే ఉంటారు. ఎవరి చేతిలో ఏముందో, స్లైడు ఎంత బయటికి ఉందో కనపడితే ఫోటో పంపండి, వెనక రాసిన తేదీతో సహా. గద్వాల, మక్తల్, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ దిక్కువాళ్ళు తప్పకుండా పంపాలి. ఊదినవాళ్ళ పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటే ఇవాళే అడిగి రాసుకోండి.

వాద్యమే ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు, అది కూడా ఫోటోలు తీశాకే. స్లైడు బిగుసుకుంటే పట్టకారు పెట్టకండి, నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి. లాగాక లోపల గీత ఉందేమో చూసి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి.

మీ ఉత్తరాల కోసం చూస్తూ,

మీ
అమరచింత మిత్రుడు